కారు సంగతులు: ఆయిల్ మార్చేది కిలోమీటర్లు చూసా, నెలలు చూసా?

ప్రశ్న: మాది 2019 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. పిల్లలను బడిలో దింపడానికి, కూరగాయలకు తప్ప బయటికి తీయం. ఒక్కో ట్రిప్పు నాలుగు కిలోమీటర్లు మించదు. ఏడాదికి మూడున్నర వేలు కూడా తిరగదు. పది వేలకు ఆయిల్ మార్చాలంటున్నారు కాబట్టి మూడేళ్ల దాకా ఆగొచ్చు కదా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఆగొద్దండి. బండితో ఇచ్చిన పుస్తకంలో ఆ వరుస పూర్తిగా చదవండి. పది వేల కిలోమీటర్లు లేదా 12 నెలలు, ఏది ముందొస్తే అది అని ఉంటుంది. మన దగ్గర తిరిగే చాలా పెట్రోల్ కార్లకు ఇదే లెక్క. తక్కువ తిరిగిన బండిలో ఆయిల్ కొత్తగానే ఉంటుందని చాలామంది నమ్ముతారు. మీలాంటి వాడకంలో అదే ముందు పాడవుతుంది.

పెట్రోలు మండితే నీటి ఆవిరి పుడుతుంది. అందులో కొంత, దాంతోపాటు మండని పెట్రోలు కాస్త, పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి జారి ఆయిల్‌లో కలుస్తాయి. ఆయిల్ బాగా వేడెక్కితే ఆ రెండూ ఆవిరై బయటికి పోతాయి. టెంపరేచర్ ముల్లు సగానికి వచ్చింది కదా అనుకోకండి. అది చూపించేది కూలెంట్, అంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం వేడిని. ఆయిల్ కాగడానికి అంతకంటే చాలా సేపు పడుతుంది. నాలుగు కిలోమీటర్లకే ఇంజన్ ఆపేస్తే తేమ లోపలే ఉండిపోతుంది, రేపు మళ్లీ ఇంకాస్త చేరుతుంది. ఆయిల్ పలచబడుతుంది, అందులో ఆమ్లాలు పుట్టి బేరింగులను తింటాయి.

రేపు పొద్దున ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ పోసే మూత తిప్పి లోపలి వైపు చూడండి. పాలు ఎక్కువైన కాఫీ రంగులో జిగట పూత ఉంటే అది ఆ తేమ పనే. మూతకే ఉంటే కంగారు లేదు. ఆయిల్ మట్టం చూసే పుల్లకు, అంటే డిప్‌స్టిక్‌కు కూడా అదే రంగు అంటి, కూలెంట్ డబ్బాలో మట్టం తగ్గుతుంటే మాత్రం హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) చూపించండి, అప్పటిదాకా బండి నడపకండి.

మీ వాడకానికి ఆరు నెలలకోసారి మార్చడం మేలు. ఏడాది ఎట్టి పరిస్థితిలో దాటనివ్వకండి. పదిహేను రోజులకోసారి మడికొండ మీదుగా స్టేషన్ ఘన్‌పూర్ దాకా ఆగకుండా వెళ్లిరండి. ఆయిల్ నిజంగా కాగేది అలాంటి ప్రయాణంలోనే. ఇంటి ముందు నిలబెట్టి ఇంజన్ ఆన్‌లో ఉంచితే ఆ ఫలితం రాదు.

ప్రశ్న: ఆయిల్ మార్చినప్పుడల్లా ఫిల్టర్ కూడా మార్చాలా? ఒకసారి విడిచి ఒకసారి చాలదా?
– ఒక పాఠకుడు, హుజూరాబాద్

జవాబు: చాలదు. పాత ఫిల్టర్‌లో నల్లటి ఆయిల్ కొంత మిగిలే ఉంటుంది, కొత్తది పోయగానే అందులో కలుస్తుంది. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. ఫిల్టర్ కాగితం మూసుకుపోతే ఇంజన్‌కు ఆయిల్ అందక ఆగిపోకుండా లోపల బైపాస్ వాల్వు తెరుచుకుంటుంది. అప్పటి నుంచి వడకట్టని ఆయిలే బేరింగులకు వెళ్తుంది. బయటికి ఏ లైటూ వెలగదు, మీకు తెలియదు. వేల రూపాయల ఆయిల్ పోస్తూ కొన్ని వందల ఫిల్టర్ దగ్గర పొదుపు చేయకండి.

ప్రశ్న: బీఎస్ 6 డీజిల్ బండి. గోదావరిఖనిలోనే ఎక్కువ తిరుగుతుంది. పోసినప్పటి కంటే డిప్‌స్టిక్ మీద ఆయిల్ ఎక్కువ కనిపిస్తోంది.
– ఒక పాఠకుడు, రామగుండం

జవాబు: పెరిగింది ఆయిల్ కాదు, డీజిల్. డిప్‌స్టిక్ వాసన చూడండి, తెలుస్తుంది. పొగగొట్టంలో మసిని పట్టి ఉంచే ఫిల్టర్ (డీపీఎఫ్) నిండినప్పుడు దాన్ని కాల్చేయడానికి ఇంజన్ అదనంగా డీజిల్ చిమ్ముతుంది. ఊళ్లోనే తిరుగుతూ ఆ కాల్చడం సగంలో ఉండగా బండి ఆపేస్తే, మిగిలిన డీజిల్ సిలిండర్ గోడల వెంట జారి ఆయిల్‌లో చేరుతుంది. మట్టం పై గీత దాటితే కిలోమీటర్లు చూడకుండా వెంటనే మార్పించండి. పైపైన కొంత తీసేస్తే మట్టం సరిపోతుంది కానీ, పలచబడ్డ ఆయిల్ అలాగే ఉంటుంది. తక్కువ బూడిద మిగిల్చే రకం, అంటే డబ్బా మీద మీ పుస్తకంలో చెప్పిన సీ2 లేదా సీ3 గుర్తు ఉన్నదే పోయాలి. రాజీవ్ రహదారి మీద వారానికోసారి అరగంట సాఫీగా నడపండి.

మీది బొగ్గు దుమ్ము ఊరు, కాబట్టి ఎయిర్ ఫిల్టర్ డబ్బా క్లిప్పులు గట్టిగా పడ్డాయో లేదో కూడా చూసుకోండి. ఆ సందులోంచి వచ్చే ధూళి చివరికి ఆయిల్‌లోనే చేరి ఉప్పుకాగితంలా గీస్తుంది.

ప్రశ్న: ఇంట్లోనే మార్చుకోవాలని ఉంది. ఎక్కడ పొరపాటు జరుగుతుంది?
– ఒక పాఠకుడు, నర్సంపేట

జవాబు: ముందు ప్రాణం సంగతి. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కిందికి దూరకండి, స్టాండ్లు పెట్టాల్సిందే. ఇంజన్‌ను అయిదు నిమిషాలు నడిపి ఆపండి. గోరువెచ్చని ఆయిల్ పూర్తిగా కారుతుంది, మరీ కాగితే చేతులు కాలతాయి. డ్రెయిన్ బోల్టు విప్పి పావుగంట వదిలేయండి. బోల్టు వాషర్ ప్రతిసారీ కొత్తది వేయండి. కారుతోందని పానాతో బలం పెట్టి బిగిస్తే, ఆయిల్ నిలిచే అల్యూమినియం చాంబర్‌లో మరలు తెగుతాయి, అప్పుడు ఖర్చు పదింతలు.

ఎక్కువమంది తప్పేది ఫిల్టర్ దగ్గర. పాత ఫిల్టర్ ఊడినా దాని రబ్బరు రింగు ఒక్కోసారి ఇంజన్‌కే అతుక్కుని ఉంటుంది. చూడకుండా కొత్తది బిగిస్తే రెండు రింగులు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. ఇంజన్ స్టార్ట్ చేసిన కాసేపటికే ఆయిలంతా రోడ్డు మీద ఉంటుంది. వేలితో తడిమి చూడండి. కొత్త రింగుకు చుక్క ఆయిల్ రాసి, చేత్తో తిప్పి, రింగు ఆనిన తర్వాత ముప్పావు చుట్టు బిగిస్తే సరి. ఫిల్టర్ డబ్బా మీద వేరే లెక్క రాసి ఉంటే అది పాటించండి.

1.2 లీటర్ల పెట్రోల్ ఇంజన్‌కు సుమారు మూడు నుంచి మూడున్నర లీటర్లు పడుతుంది. పుస్తకంలో రాసిన దానికంటే పావు లీటరు తక్కువ పోసి, ఇంజన్ ఒక నిమిషం నడిపి ఆపండి. కింద చెమ్మ ఉందేమో చూసి, పది నిమిషాల తర్వాత చదునైన చోట డిప్‌స్టిక్ తీసి, మిగిలినది కొద్దికొద్దిగా పోయండి. పై గీత దాటిస్తే, ఇంజన్ అడుగున తిరిగే ఇరుసు (క్రాంకు) ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది.

తీసిన ఆయిల్‌ను మోరీలో గానీ, చేను గట్టున గానీ పోయకండి. చెదలు పట్టకుండా దర్వాజాలకు రాసే అలవాటు మన ఊళ్లలో ఉంది, అదీ వద్దు. అరిగిన లోహాలు, విషాలు కలిసిన సరుకు అది, నేలలో పోస్తే బావి నీళ్ల దాకా వెళ్తుంది. పాత డబ్బాలోనే పోసి మూత బిగించి, వాడిన ఆయిల్ తీసుకునే సర్వీస్ సెంటర్‌లో ఇవ్వండి. ఫిల్టర్‌ను కూడా ఒక రాత్రి బోర్లించి, కారిన ఆయిల్‌ను అదే డబ్బాలో కలపండి.