హారం ఒకటే, క్రియలు వేరు

ప్రశ్న: స్నేహితురాలి పెళ్లి ఫొటో కింద మెచ్చుకోలుగా ‘ఫ్లాంటింగ్ హర్ కాసులపేరు’ అని వ్రాస్తే ఆమె నొచ్చుకుంది. నిఘంటువులో డిస్‌ప్లే, ఎగ్జిబిట్, షో ఆఫ్, ఫ్లాంట్ అన్నింటికీ ‘ప్రదర్శించు’ అనే ఉంది. నేను చేసిన తప్పేమిటి?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: తప్పు మీ ఉద్దేశంలో లేదు, క్రియలో ఉంది. ‘ఫ్లాంట్’ అన్నప్పుడు వస్తువును చూపించారన్న సమాచారంతో పాటు, నలుగురి కన్ను కుట్టాలనే చూపించారన్న ఆక్షేపణ కూడా వచ్చేస్తుంది. మన ‘బడాయికి పోవడం’ దానికి దగ్గరి మాట. సినీతారల దుస్తుల గురించిన ఇంగ్లీషు వార్తలలో దీనిని పొగడ్తగా విరివిగా వాడడం వల్ల పదును కొంత అరిగింది కాని, పెళ్లికూతురికి గుచ్చుకునేంత ఇంకా మిగిలే ఉంది.

‘షో ఆఫ్’ తీరు కొంత తమాషాగా ఉంటుంది. కర్మ లేకుండా ‘షి ఈజ్ షోయింగ్ ఆఫ్’ అంటే అచ్చమైన ఎత్తిపొడుపు. అదే ‘షి షోడ్ ఆఫ్ హర్ కాసులపేరు’ అన్నప్పుడు, మురిసిపోతూ చూపించుకుందన్న భావం వచ్చి, అందులో నింద కంటే చిరునవ్వే ఎక్కువగా వినిపిస్తుంది. కర్త మనిషి కాక వస్తువైతే ఆ కాస్త నిందా పోతుంది: ‘ద గ్రీన్ సిల్క్ షోస్ ఆఫ్ ద గోల్డ్’ అంటే ఆకుపచ్చ పట్టు మీద బంగారం మరింత నిండుగా కనిపిస్తోందని. మీరు వ్రాయదలచుకున్న వాక్యం బహుశా ఇదే.

‘డిస్‌ప్లే’లో మెప్పూ లేదు, తప్పూ లేదు. మడత విప్పడమనే అర్థం గల లాటిన్ మాట ఫ్రెంచి మీదుగా అలా మారింది. బట్టల కొట్టులో గుమాస్తా చీర మడత విప్పి మన ముందు పరిచే తీరును తలచుకుంటే చాలు. ‘ఎగ్జిబిట్’ అంతకంటే లాంఛనమైనది, పరిశీలనకు పెట్టడం దాని స్వభావం. సాలార్‌జంగ్ మ్యూజియంలోని వస్తువూ ఎగ్జిబిటే, మన సివిలు కోర్టులలో వాది దస్తావేజు మీద పడే ‘ఎగ్జిబిట్ ఏ-1’ గుర్తూ అదే. ఆ మాట వాడి ఉంటే స్నేహితురాలు నొచ్చుకునేది కాదు కాని, కాసులపేరు పెళ్లిపందిరి నుంచి అద్దాల బీరువాలోకి పోయేది.

‘ఫ్లాంట్’ను ‘ఫ్లౌట్’తో కలిపేయడం ఇంగ్లీషు మాతృభాషగా గలవారిలోనూ ఉన్న పొరపాటు. ‘ఫ్లౌట్’ అంటే నియమాన్ని ఖాతరు చేయకపోవడం. హెల్మెట్ లేకుండా బండి నడిపేవాడు నియమాన్ని ఫ్లౌట్ చేస్తున్నాడు. ఆ కొత్త బండిని పనేమీ లేకుండా మన వీధిలోనే మూడుసార్లు తిప్పితే, బండిని ఫ్లాంట్ కూడా చేస్తున్నాడు.