నాలుగంతస్తుల ఇంటి పనికి మినీ క్రేన్ పెట్టించే ముందు ఏమేమి చూసుకోవాలి?

మీరు నాలుగంతస్తుల ఇల్లు కడుతున్నారని, ఇటుకలూ సిమెంటూ పైకి మోసే కూలీలు దొరకక మేస్త్రీ మినీ క్రేన్ అద్దెకు తెద్దామంటున్నారని, ఎన్ని కిలోలు ఎత్తేది తీసుకోవాలని అడిగారు. హైదరాబాదు చుట్టుపక్కల సైట్ ఇంజనీరుగా ఇటువంటి యంత్రాలతో చాలాకాలంగా పని చేయిస్తున్న అనుభవంతో చెబుతున్నాను, తప్పకుండా పెట్టించండి. 50 కిలోల బస్తాను భుజాన వేసుకుని, రెయిలింగు లేని మెట్ల మీద పొద్దంతా ఎక్కి దిగే శ్రమ ఏ మనిషి చేతా చేయించదగినది కాదు. అయితే ఎన్ని కిలోలన్న లెక్క కంటే ముందు, ఆ యంత్రం దేని బలంతో నిలబడుతుందన్నది తేల్చుకోవాలి.

మీ పనికి 300 కిలోల యంత్రం చాలు. నాలుగు సిమెంటు బస్తాలూ, వాటిని మోసే ట్రాలీ బరువూ కలిపినా ఆ హద్దు దాటదు. కాంక్రీటు దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం, ఎందుకంటే 100 లీటర్ల తడి కాంక్రీటే దాదాపు 240 కిలోలు ఉంటుంది, దానికి బకెట్ బరువు అదనం.

ఇప్పుడు నిలబెట్టే సంగతి. స్లాబు అంచున క్రేన్ ముందు కాళ్ళు ఉంచి, దాని చేతిని బయటకు చాచి, వెనక కాళ్ళ మీద బస్తాలు పేర్చడం మన దగ్గర వాడుక. ముందు కాళ్ళకు 1.2 మీటర్ల బయట 300 కిలోలు వేలాడుతూ, వెనక బరువు 2 మీటర్ల దూరంలో ఉంటే, కేవలం సరితూగడానికే 180 కిలోలు కావాలి. ఎత్తేటప్పుడు వచ్చే కుదుపును కూడా తట్టుకోవాలి కనుక నేను దానికి మూడు రెట్లు, అంటే 540 కిలోలు పెట్టిస్తాను. ఆ బరువుగా సిమెంటు బస్తాలను ఎన్నడూ వాడనివ్వను. మధ్యాహ్నం మాలు తక్కువైందని ఎవరో ఒకరు అందులోంచి రెండు బస్తాలు తీసుకుపోతారు, ఆ సంగతి క్రేన్ నడిపే మనిషికి తెలియదు. కదలకుండా ఫ్రేముకు బోల్టులతో బిగించిన కాంక్రీటు దిమ్మెలే మేలు. ఇక మోటారును కింద నేల మీద పెట్టి, పైన కప్పీ మాత్రమే కట్టే పద్ధతిలో మరొక చిక్కుంది: తాడు రెండు వైపులా కిందికే లాగుతుంది కాబట్టి 300 కిలోలు ఎత్తినప్పుడు ఆ కప్పీ మీద పడేది దాదాపు 600 కిలోలు. దానిని సెంట్రింగ్ పైపుకో పిట్టగోడకో కట్టడానికి ఎంతమాత్రం ఒప్పుకోకండి.

కరెంటు విషయంలో చాలామందికి తెలియని ప్రమాదం ఒకటి ఉంది. త్రీ ఫేజ్ మోటారుకు వచ్చే తీగల్లో రెండు తారుమారైతే అది వెనక్కి తిరుగుతుంది. ఒక సైట్లో ట్రాన్స్‌ఫార్మర్ మరమ్మతు తర్వాత అదే జరిగి, పైకి బటన్ నొక్కితే ట్రాలీ కిందికి దిగసాగింది. నడిపే కుర్రవాడు దానికి అలవాటు పడి, కిందికి బటన్ నొక్కి పైకి ఎత్తడం మొదలుపెట్టాడు. కొక్కెం చివరిదాకా వచ్చినప్పుడు ఆపవలసిన లిమిట్ స్విచ్, పైకి బటన్‌కు సంబంధించిన, మోటారుకు కరెంటు కలిపే స్విచ్ అయిన కాంటాక్టర్‌ను మాత్రమే ఆపుతుంది, అప్పుడు పనిచేస్తున్నది రెండో కాంటాక్టర్ కనుక మోటారు ఆగలేదు. కొక్కెం క్రేన్ చేతికి గుద్దుకుని, తాడు తెగి, ఇటుకల ట్రాలీ నేల మీద పడింది. భోజన సమయం కాబట్టి కింద ఎవరూ లేరు. అందుకే కరెంటు పోయి వచ్చినా, కనెక్షన్ మార్చినా, ఖాళీ కొక్కెంతో బటన్లను సరిచూశాకే బరువు తగిలించాలి. ఫేజ్ వరుస మారితే మోటారును నడవనివ్వని రిలేను ప్యానెల్‌లో పెట్టిస్తే ఇంకా మంచిది. వోల్టేజీ కూడా చూడండి. సింగిల్ ఫేజ్‌లో 230కి బదులు 180 వోల్టులే అందితే, మోటారు బలం ఇంచుమించు 60 శాతానికి పడిపోతుంది. సన్నని తీగను దూరం నుంచి లాగిన సైట్లలో మోటారు మూలగడానికి కారణం ఎక్కువగా ఇదే.

రోజూ పొద్దున మొదటి బరువును ఒక అడుగు ఎత్తి ఆపి చూడమనండి. అది అంగుళమైనా జారితే బ్రేకు బాగుచేసేదాకా పని ఆపాలి. వైర్ రోప్‌ను గుడ్డ చుట్టిన చేత్తో మెల్లగా తడిమితే తెగిన పోగులు గుడ్డకు తగులుకుంటాయి. తాడు మందానికి ఎనిమిది రెట్ల పొడవులో, అంటే 8 మిల్లీమీటర్ల తాడైతే 64 మిల్లీమీటర్లలో, మొత్తం పోగుల్లో పదో వంతుకు మించి తెగి కనిపిస్తే ఆ తాడు మార్చవలసిందే. కొక్కెం దగ్గర మడిచిన తాడును బిగించే క్లిప్పులు కనీసం మూడుండాలి, వాటి వంపు కడ్డీ తాడు కొస వైపున, దిమ్మ భాగం బరువు మోసే వైపున ఉండాలి. తిరగేసి బిగిస్తే ఆ కడ్డీ బరువు మోసే తాడునే నలిపేస్తుంది.

భవన నిర్మాణ కార్మికుల 1996 చట్టం కింద 1998లో వచ్చిన కేంద్ర నియమాలు, బరువులెత్తే యంత్రాలను అర్హుడైన వ్యక్తి చేత కనీసం ఏడాదికొకసారి క్షుణ్ణంగా తనిఖీ చేయించాలన్నాయి. అద్దెకిచ్చేవారిని ఆ పత్రం అడగండి, చూపించలేకపోతే మరొకరి దగ్గరికి వెళ్ళండి. ట్రాలీ కదిలే చోటు కింద తాళ్ళు కట్టి దారి మూసేయించండి. తొందరలో ఉన్నామని ఎవరైనా ట్రాలీలో ఎక్కబోతే, ఆ మనిషి మేస్త్రీ అయినా సరే, దింపేయండి.