ఫెర్రెట్లు మన గోదావరి ఎండలకి తట్టుకుంటాయా?

మూగజీవాలు: మీ ప్రశ్నలు, డాక్టరుగారి జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో కుక్కలూ పిల్లుల కంటే ఫెర్రెట్ల సంగతే ఎక్కువగా ఉంది. ఫెర్రెట్ అంటే చూడ్డానికి ముంగిసలా సన్నగా, పొడుగ్గా ఉండే, మాంసం తినే పెంపుడు జంతువు. పెద్ద ఊళ్లలో ముచ్చటపడి కొనుక్కుని, మోజు తీరాక వదిలేసినవాటిని కొందరు చేరదీసి, పెంచుకునేవాళ్ల కోసం వెతుకుతున్నారు. అలాంటివి మన వైపుకీ వస్తున్నాయి కాబట్టి ఈసారి శీర్షిక మొత్తం వాటికే.

ప్రశ్న: డాక్టరుగారూ, మా అమ్మాయి హైదరాబాదులో చదువుకుంటోంది. అక్కడ ఎవరో వదిలేసిన రెండు ఫెర్రెట్లని ఇస్తామంటున్నారట, తెస్తానని రోజూ ఫోన్లో ఒకటే గొడవ. మాకు డాబా మీద రేకుల గది ఖాళీగా ఉంది, అందులో ఉంచొచ్చా? మావారేమో అది ముంగిసలా ఉంది, మనకెందుకు అంటున్నారు.
– ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: అమ్మా, ముందు ఆ రేకుల గది మాట మర్చిపోండి. ఫెర్రెట్‌కి ఒంటికి చెమట పట్టదు, కుక్కలా వగర్చి వేడి తగ్గించుకోవడం కూడా దానికి సరిగా రాదు. 15 నుంచి 24 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది, 27 దాటితే ఇబ్బంది మొదలు, 30 దాటిన గదిలో గాలాడకుండా ఉంటే ప్రాణం మీదికొస్తుంది. మన దగ్గర ఏప్రిల్ నుంచి రోహిణి కార్తె వెళ్లేదాకా రాత్రిపూట కూడా ఎంత ఉక్కగా ఉంటుందో మీకు నేను చెప్పాలా? పైగా గాలిలో తేమ ఎక్కువ కాబట్టి కూలరు పెడితే చల్లదనం రాకపోగా ఉక్క ఇంకా పెరుగుతుంది. అంచేత ఏసీ ఉన్న గది కావాలి, అదీ కరెంటు పోతే ఏం చేస్తారో ముందే ఆలోచించి పెట్టుకున్నాక. చాలా ఇళ్లలో ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు తిరుగుతాయి గానీ ఏసీ నడవదు, ఫ్యాను గాలి ఒక్కటీ దీనికి చాలదు. ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన నీళ్ల సీసాలు రెండు మూడు ఎప్పుడూ సిద్ధంగా ఉంచి, కరెంటు పోయిన వెంటనే పాత తువ్వాలులో చుట్టి పంజరంలో పెట్టండి, అది వాటికి ఆనుకుని పడుకుంటుంది. నేల మీద చదునుగా పరుచుకుపోయి, నోరు తెరిచి రొప్పుతూ, చిగుళ్లు ఎర్రగా కందిపోతే వడదెబ్బే. పాదాలూ పొట్టా మామూలు చల్లనీళ్లతో తడిపి, గాలి తగిలేలా పెట్టి, ఆసుపత్రికి పరిగెత్తండి. ఐసు నీళ్లలో ముంచకండి.

మీవారి సందేహం గురించి: ఫెర్రెట్ ముంగిస కాదు. యూరప్‌లోని పోల్‌క్యాట్ అనే జంతువుని మనుషులు రెండు వేల ఏళ్లకి పైగా మచ్చిక చేస్తూ వస్తే వచ్చిన పెంపుడు జాతి ఇది. మన కోరంగి మడ అడవుల్లో ఉండే నీటికుక్కలు దీనికి చుట్టాలు, ముంగిసది వేరే కుటుంబం. ఇంట్లో పెరిగినది మన ఎండల్లో బయట బతకడం కష్టం, కాబట్టి పెంచలేకపోతే తోటలో వదిలేద్దాం అన్న ఆలోచన ఎప్పుడూ రానివ్వకండి. పెరట్లో కోళ్లుంటే మాత్రం మీవారి భయంలో నిజముంది, రెండింటినీ ఒకచోట చేర్చకండి.

ఇంకో మాట, దగ్గర్లో దీన్ని చూసే డాక్టరు ఉన్నారా అని ముందు కనుక్కోండి. మన ఊళ్లలో పశువుల డాక్టర్లకి గేదెలూ ఆవులూ చూడటమే రోజంతా సరిపోతుంది. గన్నవరంలో వెటర్నరీ కాలేజీ ఉంది, అక్కడ అడిగి చూడండి. డిస్టెంపర్ టీకా తప్పనిసరి, ఎందుకంటే వీధికుక్కల నుంచి వచ్చే ఆ జబ్బు సోకితే ఫెర్రెట్ దాదాపు బతకదు. కానీ కుక్కలకి వేసే టీకాలన్నీ దీనికి పనికిరావు, కొన్ని జబ్బునే తెచ్చిపెడతాయి, ఏది వేయాలో డాక్టరే తేల్చాలి. రేబిస్ టీకా కూడా వేయించాలి.

ఇవన్నీ కుదిరితే తప్పకుండా తెచ్చుకోండి, రెండింటినీ కలిపే తెచ్చుకోండి. కలిసి పెరిగినవాటిని విడదీస్తే తిండి మానేసి దిగులు పడతాయి. అయితే ఇప్పుడు కాదు, ఎండలు తగ్గి చలిగాలి మొదలయ్యాక, ఏసీ బోగీలోనో కారులోనో రాత్రి ప్రయాణం పెట్టుకోండి, రైల్లో అయితే రైల్వే వాళ్ల నిబంధనలు ముందే అడగండి. ఆరు నుంచి ఎనిమిదేళ్లు బతుకుతాయి, మీ అమ్మాయి చదువైపోయి ఉద్యోగానికి వెళ్లాక వాటిని చూసుకునేది మీరే. ఆ మాట ఇప్పుడే తనతో మాట్లాడుకోండి.

ప్రశ్న: మేం మాంసం ముట్టం. మా అబ్బాయి ఫెర్రెట్ తెచ్చాడు. పెరుగన్నం, పాలు, అరటిపండు పెడుతున్నాం, ఇష్టంగానే తింటోంది. సరిపోతుందా అండీ?
– తణుకు నుంచి

జవాబు: సరిపోదండీ. అరటిపండు తీపి కాబట్టి ఇష్టంగా తింటుంది, కానీ దాని పేగు చాలా పొట్టిది, తిన్నది మూడు నాలుగు గంటల్లో బయటికి వచ్చేస్తుంది, అన్నం, కూరగాయలు, పళ్లు అరిగించుకునే ఏర్పాటు దాని ఒంట్లో లేదు. పిల్లికంటే కూడా గట్టి మాంసాహారి. ఈ తిండితో ఇంకొన్నాళ్లు గడిస్తే నీరసించిపోతుంది. మీ ఇంట్లో మాంసం వండటం కుదరకపోతే అందులో తప్పేమీ లేదు, పిల్లికూనల కోసం అమ్మే పొడి ఆహారం, మాంసకృత్తులు 35 శాతానికి తగ్గనిది, ప్యాకెట్ మీద మొదటి పదార్థం మాంసమే అయినది తెచ్చి రోజంతా గిన్నెలో ఉంచండి. కొద్దికొద్దిగా చాలాసార్లు తింటుంది, పూట పూటకీ పెట్టడం దీనికి పడదు. అదీ కుదరదనుకుంటే వేరే మంచి ఇల్లు చూడండి, దాని కడుపు మాడ్చడం కంటే అదే నయం.

తీపి ఒక్క ముక్క కూడా వద్దు. ఇంటికొచ్చిన చుట్టాలు ముద్దొస్తోందని పూతరేకు ముక్కో, కాజా ముక్కో నోట్లో పెట్టేస్తారు, వాళ్లకి గట్టిగా చెప్పండి. వయసు మళ్లిన ఫెర్రెట్లకి క్లోమంలో గడ్డలు వచ్చి, రక్తంలో చక్కెర ఉన్నట్టుండి పడిపోవడం తరచుగా చూసే జబ్బు. శూన్యంలోకి చూస్తూ ఉండిపోవడం, నోట్లోంచి చొంగ కారడం, వెనక కాళ్లు ఈడ్వడం కనిపిస్తే అప్పుడు మాత్రం చిగుళ్లకి కాస్త తేనె రాసి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మాంసం పెట్టే ఇళ్లవాళ్లకి ఒక హెచ్చరిక. 2025 ఫిబ్రవరిలో మీ తణుకు మండలం వేల్పూరులోనూ, పెరవలి మండలం కానూరులోనూ కోళ్లకి బర్డ్ ఫ్లూ తేలింది, గుర్తుండే ఉంటుంది. ఆ వైరస్ ఫెర్రెట్లకి కూడా సోకుతుంది. అందుకని ఫారాల్లో చచ్చిన కోడి ఊరికే వస్తోంది కదా అని తెచ్చి పెట్టకండి. ఎముక లేని చికెన్, కందనకాయ, గుండెకాయ, కొంచెం కార్జం, ఉప్పూ కారం పసుపు లేకుండా ఉడికించి, కూనల ఆహారంతో పాటు పెట్టండి. ఉడికిన ఎముక విరిగి సూదిలా గుచ్చుకుంటుంది, అది వద్దు.

ప్రశ్న: వదిలేసిన మగ ఫెర్రెట్‌ని తెచ్చుకున్నాం. పగలంతా సోఫా కింద దూరి పడుకుంటుంది, చెయ్యి పెడితే కరుస్తోంది. వాసన భరించలేక మా అత్తయ్యగారు రోజూ సబ్బుతో స్నానం చేయిస్తున్నారు, అయినా తగ్గట్లేదు. తల మీద తెల్లటి పట్టీ ఉంటుంది, చాలా అందంగా ఉంటుంది. ఏం చెయ్యమంటారు?
– అమలాపురం నుంచి

జవాబు: ఆ తెల్లటి పట్టీ సంగతి మీరు చివర్లో రాశారు గానీ, నాకు ముందు అదే కనిపించింది. తల మీద అలా తెలుపు ఉన్న ఫెర్రెట్లలో చాలావాటికి పుట్టుకతోనే చెవుడు ఉంటుంది. అది నిద్రపోతున్నప్పుడు వెనక నుంచి తాళాల గుత్తి గలగలలాడించి చూడండి. చెవి కూడా కదపకపోతే దానికి వినపడటం లేదన్నమాట. వినపడని ప్రాణి మీద నిద్రలో ఒక్కసారిగా చెయ్యి పడితే కరవకుండా ఎలా ఉంటుంది చెప్పండి? దగ్గరికి వెళ్లేముందు నేల మీద అరచేత్తో తట్టండి, ఆ అదురు దానికి తెలుస్తుంది. మీ చెయ్యి వాసన చూపించి, లేచాకే ఎత్తుకోండి.

ఇంకా, దాన్ని వెనకటి ఇంట్లో కొట్టారేమో మనకి తెలీదు. మీరు మాత్రం కొట్టొద్దు, ముక్కు మీద చిటికె కూడా వేయొద్దు. కరిస్తే నిశ్శబ్దంగా కింద పెట్టేసి కాసేపు పట్టించుకోకండి. మీరు రెండు రోజులు కట్టుకున్న పాత నూలు చీరముక్క దాని పక్కలో వేయండి, మీ వాసన అలవాటవుతుంది. గోళ్లు తీయాలంటే ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి, మందుల షాపులో దొరికే చేపనూనె మాత్ర ఒకటి చిదిపి పొట్ట మీద ఒక్క చుక్క వేయండి. మెడ వంచి ఆ చుక్క నాకడంలో మునిగిపోయి కాళ్లు మీకు వదిలేస్తుంది, ఈలోగా ముందు కాళ్లవి అయిపోతాయి. భయం పోయిన రోజున అదే మీకు చెబుతుంది: వీపు విల్లులా వంచి, నోరు తెరిచి, పక్కలకి గెంతుతూ, గోడలకీ కుర్చీలకీ గుద్దుకుంటూ, గొంతులో డుక్ డుక్ మని శబ్దం చేస్తుంది. మూర్ఛ వచ్చిందని కంగారుపడి ఫోన్ చేసేవాళ్లున్నారు, అది పట్టలేని సంతోషం.

పగలు పడుకోవడం మామూలే. రోజుకి 14 నుంచి 18 గంటలు నిద్రపోతాయి, ఒక్కోసారి ఎత్తినా వేలాడిపోయేంత గాఢంగా.

అత్తయ్యగారికి నా మాటగా చెప్పండి, రోజూ స్నానం వల్లే వాసన పెరుగుతోంది. సబ్బు చర్మం మీది నూనెని కడిగేస్తే, ఒళ్లు అంతకంతా ఎక్కువ నూనె ఊరిస్తుంది, వాసన దాంట్లోనే ఉంది. నెలకోసారికి మించి స్నానం అక్కర్లేదు. పక్కగుడ్డలు మూడు నాలుగు రోజులకోసారి ఉతకండి, మలం పోసే మూలని రోజూ శుభ్రం చేయండి. విత్తులు తీయించని మగదైతే వాసన చాలా ఎక్కువ, ఆ సంగతి డాక్టరుతో మాట్లాడండి, ఆపరేషన్ బదులు చర్మం కింద పెట్టే హార్మోన్ ఇంప్లాంట్ కూడా ఉంది. తోక దగ్గర మొదలై వెంట్రుకలు రాలుతుంటే మూత్రపిండాల దగ్గరి అడ్రినల్ గ్రంథి జబ్బు కావచ్చు, అది ఆలస్యం చేసేది కాదు.

సోఫా కింద అన్నారు కాబట్టి ఒకటి అడుగుతున్నాను, ఇంట్లో హవాయి చెప్పులు ఎక్కడ విడుస్తారు? రబ్బరు, స్పాంజి అంటే వీటికి పిచ్చి. కొరికి మింగిన ముక్క పేగుకి అడ్డం పడితే ఒకట్రెండు రోజుల్లో ప్రాణం పోవచ్చు. తిండి మానేసి, మూతి కాళ్లతో రుద్దుకుంటూ, మలం సన్నగా వస్తున్నా అసలు రాకపోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. స్నానాల గది తూముకి జాలీ బిగించండి, తల పట్టిన సందులోంచి ఒళ్లంతా దూరిపోతుంది.

ప్రశ్న: మా ఆడ ఫెర్రెట్‌కి వెనక భాగం బాగా ఉబ్బింది. మూడు వారాలు దాటింది. దానంతటదే తగ్గుతుందా?
– కాకినాడ నుంచి

జవాబు: తగ్గదు. ఇది చదివిన వెంటనే డాక్టరుకి ఫోన్ చేయండి. అది ఎదకి వచ్చింది. కుక్కలకీ పిల్లులకీ ఎద కొన్నాళ్లకి దిగుతుంది, ఆడ ఫెర్రెట్ మగదానితో కలిస్తే తప్ప ఎదలోనే ఉండిపోతుంది. వారాల తరబడి ఒంట్లో పేరుకున్న ఈస్ట్రోజన్ ఎముకల్లోని మూలుగుని దెబ్బతీసి కొత్త రక్తం పట్టనివ్వదు. చిగుళ్లు పాలిపోయాయేమో, పొట్ట మీద కమిలిన మచ్చలున్నాయేమో ఈ రాత్రే చూడండి. ఎద దింపే ఇంజెక్షన్ ఉంది, ఇంప్లాంట్ ఉంది, తర్వాత పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించవచ్చు. పిల్లల్ని పుట్టించి గట్టెక్కుదాం అనుకోకండి, ఇప్పటికే దిక్కులేనివి చాలా ఉన్నాయి.

ప్రశ్న: విదేశాల్లో వీటిని కలుగుల్లోకి వదిలి కుందేళ్లని పట్టిస్తారని విన్నాను. మా వరిచేల గట్లలో ఎలుకలకి పనికొస్తాయా?
– ఒక రైతు, ఉండి

జవాబు: పనికిరావండి. మీరు విన్నది నిజమే, ఐరోపాలో ఆ అలవాటు పాతది. కానీ మీ గట్టు కలుగులో పందికొక్కు ఎదురైతే కిలో బరువున్న పెంపుడు ప్రాణికి మూతి చీరుకుపోతుంది, పాముంటే అంతే సంగతులు. చేలల్లో వేసే జింక్ ఫాస్ఫైడ్, బ్రోమాడయోలోన్ ఎరలు తిన్న ఎలుకని ఇది తింటే ఆ విషం దీనికీ ఎక్కుతుంది. తప్పించుకుని పోతే ఇంకో కష్టం. న్యూజిలాండ్‌లో 1880ల్లో కుందేళ్లని తగ్గించడానికి ఫెర్రెట్లని వదిలితే, అవి నేల మీద గూళ్లు పెట్టే పక్షుల్ని తినేయడం మొదలెట్టాయి. చివరికి 2002లో అక్కడ వీటిని అమ్మడం, వీటికి పిల్లల్ని పుట్టించడం మీద నిషేధం వచ్చింది. ఎలుకలకి మన వాళ్లు పెట్టే బుట్టలే మేలు, చేలో గుడ్లగూబ వాలడానికి కర్రలు పాతండి.

ప్రశ్న: కొబ్బరితోటలో ముంగిస పిల్ల దొరికింది. ఫెర్రెట్ లాగే పెంచుకోవచ్చా? పిల్లలు వదలట్లేదు.
– రాజోలు నుంచి

జవాబు: వద్దండి. ముంగిస మన అడవి జంతువు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పట్టుకోవడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. పాలు పోయకండి, విరేచనాలు పట్టుకుంటాయి. దెబ్బలేమీ లేకపోతే దొరికినచోటే పొద కింద పెట్టి, కుక్కల్ని కట్టేసి, పిల్లల్ని ఇంట్లోకి పంపి, మీరు దూరం నుంచి చూడండి. తల్లి దగ్గర్లోనే ఉండొచ్చు, మనుషులు కదిలాకే వస్తుంది. సాయంత్రానికీ రాకపోతే, లేదా గాయం ఉంటే, గాలాడే అట్టపెట్టెలో ఉంచి అటవీ శాఖ వాళ్లకి కబురు చేయండి.