ఇరవై నాలుగు సెషన్లు ఒకేసారి ఎందుకు కొంటున్నారు?

ప్రశ్న: నా వయసు 28. మాది కరీంనగర్ దగ్గర పల్లె. మియాపూర్‌లో హాస్టల్లో ముగ్గురం ఉండే గదిలో ఉంటూ ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. చేతికి 46,000 వస్తుంది. హాస్టల్‌కు 9,500, అమ్మకు 12,000, ఫోన్ ఈఎంఐ 2,800, నా ఖర్చులు 7,500, లక్ష చిట్టీకి 5,000 పోతాయి. ఆ చిట్టీ ఇంకా ఏడు నెలలు ఉంది. బ్యాంకులో 11,000 ఉన్నాయి. నిరుడు నాన్న పోయినప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు, ఆఫీసులో ఉన్నట్టుండి గుండె దడ వస్తోంది. డాక్టర్ థెరపీ తీసుకోమన్నారు. పంజాగుట్టలో ఒక సైకాలజిస్ట్ సెషన్‌కు 1,500 అడిగారు. ఒక యాప్‌లో 1,200. దాని ట్రయల్ సెషన్ హాస్టల్ డాబా మీద, బట్టలు ఆరేసిన తీగల మధ్య నిలబడి, ఎవరైనా వస్తారేమోనని గొంతు తగ్గించి మాట్లాడాను. అదే 24 సెషన్ల ప్యాకేజీ అయితే 21,600, అంటే సెషన్ 900కే. ఆఫర్ ఆదివారం వరకే. మొన్న రాత్రి రెండింటికి లోన్ యాప్‌లో అప్లై చేస్తే వెంటనే 25,000 అప్రూవ్ అయింది. చార్జీలు పోను 23,900 చేతికిస్తారు, నెలకు 4,650 చొప్పున ఆరు నెలలు కట్టాలి. ఆన్‌లైన్ మంచిదా, నేరుగా వెళ్లడం మంచిదా?

జవాబు: ముందు ఆ లోన్ సంగతి. మీరింకా ఒప్పుకోకపోతే ఒప్పుకోవద్దు. ఈ పాటికే తీసేసుకుని ఉంటే ఈ రోజే కాగితాలు తెరిచి 'కూలింగ్ ఆఫ్' గడువు ఎంత ఉందో చూడండి. రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం డిజిటల్ లోన్‌కు ఆ గడువు ఇచ్చి తీరాలి. దాని లోపల అసలు, వాడుకున్న రోజుల వడ్డీ కట్టేస్తే జరిమానా లేకుండా బయటపడొచ్చు. ప్రాసెసింగ్ ఫీజు తిరిగి రాకపోవచ్చు, పోనివ్వండి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మీ లెక్క చూడండి. చేతికొచ్చేది 23,900, కట్టేది 27,900. ఆరు నెలలకే 4,000 పైన. నెలనెలా అసలు తగ్గుతూ వస్తుంది కాబట్టి లెక్కేస్తే నూటికి నెలకు నాలుగున్నర రూపాయల వడ్డీ దాటుతోంది. మీ ఊళ్లో మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చారంటేనే అయ్యో అంటారు. ఫోన్‌లో తీసుకుంటే అదే వడ్డీ ఈఎంఐ అన్న పేరుతో కనబడకుండా పోతుంది.

ఇప్పుడు ప్యాకేజీ. లోన్ డబ్బులోంచి 21,600 కట్టగా మీ దగ్గర 2,300 మిగులుతుంది. తిరిగి కట్టే 27,900లోంచి అది తీసేస్తే 24 సెషన్లకు మీకు నిజంగా పడేది 25,600. విడివిడిగా 1,200 ఇచ్చుకుంటూ వెళ్తే 28,800. మొత్తం మీద మిగిలేది 3,200, అదీ 24 సెషన్లూ పూర్తిచేస్తేనే. ఇరవై ఒకటో సెషన్ దగ్గర ఆపేసినా విడివిడిగా కట్టుకోవడమే చవక. పదింటికి ఆపేస్తే ఒక్కో సెషన్ 2,560 పడుతుంది.

ఆపేస్తారని నేను అనడం లేదు. కానీ మొదటి థెరపిస్టే అందరికీ కుదరరు. రెండు మూడు సార్లు మాట్లాడాక ఈ మనిషి దగ్గర మనసు విప్పలేకపోతున్నాననిపిస్తే మార్చుకోవడం మామూలే. డబ్బంతా ముందే కట్టేసిన మనిషికి ఆ స్వేచ్ఛ ఉండదు. నా దగ్గరికి వచ్చిన ఒకబ్బాయి ఇలాగే ప్యాకేజీ కొని మూడో సెషన్‌కు మానేశాడు. రెండు నెలలకు ఉద్యోగం పోయింది. థెరపీ అత్యవసరమైన రోజుల్లో అతని ఫోన్‌కు వచ్చినవి రికవరీ ఏజెంట్ల కాల్స్. ఆ ఫోన్ నా బల్ల మీద బోర్లా పెట్టి కూర్చున్నాడు. మోగిన ప్రతిసారీ అతని చెయ్యి వణకడం నేను చూశాను. దడ తగ్గడానికి చేసిన అప్పు మళ్లీ దడ తెప్పించకూడదు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది మాత్రం 11,000. మీ జీతం మీద మీరు, అమ్మ ఇద్దరూ ఆధారపడి ఉన్నారు. అలాంటి ఇంట్లో పదిహేను రోజుల ఖర్చుకు కూడా డబ్బు లేదు. ఎమర్జెన్సీ ఫండ్ లెక్క వేసేటప్పుడు అందరూ అద్దె, తిండి, ఈఎంఐ రాసుకుంటారు, థెరపీ ఫీజు వదిలేస్తారు. ఉద్యోగం పోయిన నెలలో మీరు మొదట కోసేసేది అదే, కానీ మీకు అది బాగా అవసరమయ్యేదీ ఆ నెలలోనే. అందుకే దాన్ని హాస్టల్ ఫీజు పక్కనే రాయండి. చిట్టీ కాకుండా మీ ఖర్చు 31,800, నెలకు నాలుగు సెషన్ల చొప్పున థెరపీ 6,000 కలిపి 37,800. మూడు నెలలకు 1,13,400. మీ ఫండ్ అంత ఉండాలి.

ఎక్కడి నుంచి వస్తుందంటారా? అన్నీ పోను నెలకు మీకు 9,200 మిగులుతోంది. థెరపీకి 6,000, మెట్రోకు కొంత పోగా 2,500 వేరే ఖాతాలో వేయండి. ఆ ఖాతాకు ఏటీఎం కార్డు, యూపీఐ ఏవీ పెట్టుకోవద్దు. లక్ష చిట్టీలో ఇంకా ఏడు నెలలు ఉన్నాయని రాశారు. దాన్ని ఇప్పుడు పాడుకుని నష్టపోకండి, చివరిదాకా ఆగండి. కమీషన్ పోను 95,000 చేతికి వచ్చిందనుకున్నా, ఏడు నెలల పొదుపు 17,500, ఇప్పుడున్న 11,000 కలిపి 1,23,500 అవుతుంది. ఆ చిట్టీ డబ్బుకు అప్పటికి వేరే పని ఏదీ చెప్పకండి, బంగారం కూడా.

ఇక మీరడిగింది. ట్రయల్ సెషన్ హాస్టల్ డాబా మీద, బట్టలు ఆరేసిన తీగల మధ్య నిలబడి, ఎవరైనా మెట్లెక్కి వస్తారేమోనని గొంతు తగ్గించి మాట్లాడానని రాశారు. నాన్న గురించి అలా మాట్లాడగలరా? ముగ్గురు ఉండే గదిలో మీకు తలుపు వేసుకునే చోటు లేదు. కాబట్టి మొదటి మూడు నాలుగు సెషన్లు నేరుగా వెళ్లండి. మియాపూర్ నుంచి పంజాగుట్టకు మెట్రో మారే పని కూడా లేదు. ఆ తర్వాత ఆ సైకాలజిస్టే ఆన్‌లైన్‌లో చూస్తారేమో, ఫీజు తగ్గిస్తారేమో అడగండి, అడగడం తప్పు కాదు. క్లినికల్ సైకాలజిస్ట్ అయితే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసుకోండి.

డబ్బు పెట్టే ముందు మీ హెచ్ఆర్‌ను ఒక మాట అడగండి. చాలా కంపెనీలు ఉద్యోగులకు కొన్ని కౌన్సెలింగ్ సెషన్లు ఉచితంగా ఇస్తాయి. సాధారణంగా అవి బయటి సంస్థ ద్వారా నడుస్తాయి. ఫీజు భారమైన నెలలో ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక వైద్యశాల ఓపీ ఉంది. అక్కడికి వెళ్లడం నామోషీ అనుకోకండి. అర్ధరాత్రి దడ వస్తే లోన్ యాప్ తెరవకండి, 14416కు ఫోన్ చేయండి. కేంద్రం 2022లో పెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ అది, ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. బతకాలనిపించడం లేదన్న ఆలోచన వచ్చినా అదే నంబరు, ఆ క్షణమే.

ఇన్సూరెన్స్ గురించి ఒక్క మాట. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వల్ల ఆసుపత్రిలో చేరితే మానసిక వ్యాధికీ కవరేజీ ఇవ్వాలి గానీ, ఇలాంటి సెషన్ల ఫీజు మామూలు పాలసీల్లో రాదు. సొంత పాలసీ తీసుకున్న రోజున ఈ చికిత్స సంగతి దాచకుండా రాయండి.

ఆదివారం ఆఫర్ గడువు అయిపోనివ్వండి. మీ ఖాతాలో ఉన్న డబ్బులోంచే 1,500 తీసి పంజాగుట్టలో ఒక్క సెషన్‌కు అపాయింట్‌మెంట్ తీసుకోండి. రెండోది అది అయ్యాక చూసుకోవచ్చు.