పదిహేడో అంతస్తులో ఉంటున్న మేనకోడలికి

అమ్మడూ,

ఆశీస్సులు. నిన్న రాత్రి నీ ఫోను వచ్చినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. బాబు నలభై నిమిషాలు లిఫ్టులో ఒంటరిగా చిక్కుకుపోయాడన్నావు. మీ అత్తగారు మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేక రాత్రి పది దాకా కిందనే కూర్చున్నారన్నావు. పదిహేడో అంతస్తులో ఉన్నవాళ్లకు లిఫ్టే ఇంటి ముందరి వీధి. దాన్ని బాగుచేయించుకోవడానికి ఎవరినీ బతిమాలనక్కర్లేదు. పదకొండేళ్లు మా అపార్ట్‌మెంట్ సంఘానికి కార్యదర్శిగా ఉన్నవాణ్ణి కాబట్టి, నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందు బాబు సంగతి. లోపల గాలి అయిపోతుందని వాడు భయపడ్డాడట. కేబిన్‌లోకి గాలి వచ్చే సందులు ఉంటాయి, ఊపిరికి లోటు రాదని చెప్పు. లిఫ్టు ఒక్క తాడు మీద వేలాడదు, చాలా ఉక్కు తాళ్లు ఉంటాయి. వేగం హద్దు దాటితే కేబిన్ బ్రేకులు పక్క పట్టాలను కరచుకుంటాయి. ఆగిపోయిన లిఫ్టులో కూర్చోవడం ప్రమాదం కాదు, అందులోంచి తొందరపడి బయటపడబోవడమే ప్రమాదం. రెండు అంతస్తుల మధ్య ఆగినప్పుడు తలుపులు విడదీసి దూకబోతే, కేబిన్ కింద ఉన్న ఖాళీలోంచి లిఫ్టు దారి అడుగున ఉన్న గోతిలోకి జారిపోతారు. 2025 ఫిబ్రవరిలో హైదరాబాద్ శాంతినగర్‌లో ఆరేళ్ల పసివాడు లిఫ్టుకూ గోడకూ మధ్య ఇరుక్కుని చనిపోయిన వార్త చదివి నేను రెండు రోజులు అన్నం తినలేకపోయాను. అందుకని బాబుకు మూడే మాటలు నేర్పు: అలారం నొక్కు, ఇంటర్‌కమ్‌లో చెప్పు, కింద కూర్చో. తలుపు మీద చెయ్యి వేయకూడదు. వాచ్‌మన్ కూడా శిక్షణ లేకుండా తాళంచెవితో తలుపు తీయకూడదు. మెకానిక్ రావడం ఆలస్యమైతే అగ్నిమాపక దళానికి, 101కి ఫోను చేయండి. ఆ ఇంటర్‌కమ్ పనిచేస్తోందో లేదో ఈ రోజే నువ్వు స్వయంగా నొక్కి చూడు.

ఇక అసలు పని. ఒక రిజిస్టరు పెట్టండి. లిఫ్టు ఆగిన ప్రతిసారీ తేదీ, సమయం, ఏ లిఫ్టు, ఏ అంతస్తు, కరెంటు ఉందా లేదా, మెకానిక్ ఎప్పుడు వచ్చాడు, ఏం చేశాడు, అన్నీ రాయాలి. మా భవనంలో ఆరు నెలలు గొడవపడ్డాం. కంపెనీ వాళ్లు ప్రతిసారీ వోల్టేజీ మీదకు తోసేవారు. రిజిస్టరు పెట్టాక రెండు నెలల్లో లిఫ్టు ఇరవై మూడు సార్లు ఆగింది. అందులో పదహారు సార్లు నాలుగో అంతస్తులోనే! అక్కడ ఒక ఫ్లాటులో వడ్రంగి పని జరుగుతోంది. రంపపు పొట్టు, చిన్న మేకులు తలుపు కింది గాడిలో చేరి, తలుపు పూర్తిగా మూసుకోవడం లేదు. తలుపు మూసుకోనిదే లిఫ్టు కదలదు, అది దాని కాపుదల. గాడి శుభ్రం చేయించాక జబ్బు కుదిరింది. ఆ పుస్తకం లేకపోతే ఇప్పటికీ వోల్టేజీనే తిట్టుకుంటూ ఉండేవాళ్లం.

అలాగే నీళ్లు. వరండా కడిగేవాళ్లు బకెట్లతో కుమ్మరిస్తే ఆ నీళ్లు గడప దాటి గోతిలోకే పోతాయి. లిఫ్టు ముందు తడిగుడ్డ తప్ప బకెట్ వాడవద్దని గట్టిగా చెప్పండి. వానాకాలంలో గోతిలో నీళ్లు నిలిచాయేమో చూపించమని మెకానిక్‌ను అడగండి.

కరెంటు పోయినప్పుడు దగ్గరి అంతస్తుకు చేర్చి తలుపులు తెరిచే బ్యాటరీ పరికరం మీ లిఫ్టుకు ఉండే ఉంటుంది. బ్యాటరీలు చచ్చిపోయినా ఎవరూ పట్టించుకోరు. నెలకోసారి మెకానిక్ ఎదుట కరెంటు తీసి పరీక్షించాలి.

లిఫ్టు కంపెనీతో ఏటా చేసుకునే నిర్వహణ ఒప్పందం, అదే ఏఎంసీ, ఆ కాగితం చదివావా? విడిభాగాలు కూడా కలిసిన ఏఎంసీ వేరు, పనిచేసిపెట్టడం మాత్రమే ఉన్నది వేరు. చవకగా వస్తుందని రెండోది తీసుకుంటే ప్రతి భాగానికీ వేరే డబ్బు కట్టాలి. ఫోను చేసిన ఎంతసేపట్లో రావాలో, రాకపోతే ఎంత కోత పెడతారో అందులో రాయించండి. పైగా మీ ఇల్లు చేతికొచ్చి మూడేళ్లే అయింది. ఇళ్లు కొన్నవాళ్ల కోసం 2016లో వచ్చిన రెరా చట్టం ప్రకారం ఇల్లు అప్పగించిన అయిదేళ్లలోపు పనితనంలో, సదుపాయాల్లో లోపం బయటపడితే, చెప్పిన 30 రోజుల్లో బిల్డరు తన ఖర్చుతో సరిచేయాలి. సంఘం పేరున లేఖ రాసి రిజిస్టరు నకలు జతచేయండి. వాట్సాప్‌లో కోపంగా రాసిన వంద మాటలు ఆ ఒక్క లేఖకు సాటిరావు.

మెకానిక్ మీద మాత్రం అరవకండి. ఒక్కడే ఎన్నో భవనాలు తిరుగుతుంటాడు. మంచినీళ్లిచ్చి కూర్చోబెడితే అసలు ఏ భాగం అరిగిందో అతనే చెబుతాడు. సరుకులు తెచ్చే పిల్లలను లిఫ్టు ఎక్కనివ్వకుండా మెట్లెక్కించే నియమం మీ సంఘంలో ఉందన్నావు. అది తీసేయించు, వినడానికే బాధగా ఉంది.

మీ అత్తగారి కోసం ప్రతి మూడు అంతస్తులకూ మెట్ల దగ్గర ఒక కుర్చీ వేయించండి, దారికి అడ్డం రాకుండా. మూడు లిఫ్టులకూ ఒకే రోజు సర్వీసింగ్ చేయనివ్వవద్దు. ఆవిడ మందులు రెండు రోజులకు సరిపడా చేతిసంచిలోనే ఉంచు.

ఆదివారం పొద్దున్నే వస్తాను. మీ కార్యదర్శిని ఒక గంట ఖాళీగా ఉండమని చెప్పు. రెండు వందల పేజీల నోటుపుస్తకం నేనే తెస్తున్నాను.

నీ మేనమామ