పలచబడింది గాలా, మిశ్రమమా?

సందేహం: సార్, మాది దేవరకొండ. నాకొక పాత డ్యూయల్ స్పోర్ట్ బండి ఉంది. తారు రోడ్డు మీదా, నల్లమల అంచుల్లో మట్టి బాటల మీదా దాన్నే నడుపుతాను. దానికి వేరే కార్బ్యురేటర్ (గాలినీ పెట్రోలునూ కలిపి ఇంజనుకు పంపే భాగం) బిగించుకున్నాను. దాన్ని సరిగ్గా సెట్ చేసుకోవడానికి సైలెన్సర్ గొట్టానికి ఆక్సిజన్ సెన్సర్ వేయించి, హ్యాండిల్ మీద ఎ.ఎఫ్.ఆర్. మీటరు, అంటే గాలికీ పెట్రోలుకూ ఉన్న నిష్పత్తి చూపే మీటరు పెట్టించాను. చేసిన పనంతా తెలుగులో రాసి మిత్రులకు పంపితే ఒకాయన ‘అంతా తలకిందులుగా ఉంది’ అన్నాడు. నేను రాసిన వాక్యాలివి: ‘వాయు ఇంధన నిష్పత్తి పెరిగితే మిశ్రమం చిక్కబడుతుంది. ఎండాకాలం గాలి పలచబడుతుంది కాబట్టి మిశ్రమమూ పలచబడుతుంది. అప్పుడు సూదిని కింది గాడిలోకి దించాలి.’ తప్పు భాషదా, విషయానిదా? రిచ్, లీన్ అనే మాటలకు చిక్కన, పలచన అనవచ్చా? ట్యూనింగ్‌ను ‘శ్రుతి చేయడం’ అంటే బాగుంటుందా?

సమాధానం: మీ మిత్రుడు అన్నంత ఘోరం కాదు గాని, మూడు వాక్యాల్లోనూ ఏదో ఒకటి జారింది. మొదటిది పూర్తిగా తలకిందులు. రెండోది సగం సరి. మూడోది మాత్రం విచిత్రం. దాన్ని చదివి పనిచేసిన వాళ్లలో కొందరి బండి బాగుపడుతుంది, కొందరిది ఇంకా పాడవుతుంది. ఇద్దరూ మీరు చెప్పినట్టే చేశామంటారు, ఇద్దరిదీ నిజమే.

ముందు చిక్కన, పలచన సంగతి. నిస్సందేహంగా అనవచ్చు. పెట్రోలు పాలు ఎక్కువైతే చిక్కటి మిశ్రమం, గాలి పాలు ఎక్కువైతే పలచటి మిశ్రమం. పాలకూ చారుకూ వాడే మాటలే ఇవి, అర్థం ఎక్కడా చెడదు. ‘సంపన్న మిశ్రమం’, ‘కృశ మిశ్రమం’ లాంటివి మాత్రం దయచేసి వద్దు. అలా రాసినవాళ్లు ఇంజను ముందు కూర్చుని రాసి ఉండరు. నల్లగొండలోనో మిర్యాలగూడలోనో మెకానిక్ షెడ్డుకు పోయి వింటే ‘పెట్రోలు ఎక్కువొస్తుంది’, ‘పెట్రోలు తక్కువొస్తుంది’ అంటారు. నా లెక్కలో అది చిక్కన, పలచన కన్నా ఒక మెట్టు పైన ఉన్న తెలుగు. ఎందుకంటే అందులో ఏది ఎక్కువో, ఏది తక్కువో పేరు పెట్టి చెబుతున్నారు. మీ వాక్యాల్లో లోపించింది సరిగ్గా అదే.

ఇక నిష్పత్తి. మీ మీటరు మీద కనిపించే అంకె గాలి ఎన్ని పాళ్లో చెబుతుంది. పెట్రోలు ఎప్పుడూ ఒక పాలే. ఇథనాల్ కలవని పెట్రోలు పూర్తిగా కాలడానికి తూకంలో దానికి 14.7 రెట్లు గాలి కావాలి. తూకంలో అన్నది మరిచిపోకండి. కొలతలో చెప్పుకుంటే లీటరు పెట్రోలుకు ఇంచుమించు తొమ్మిది వేల లీటర్ల గాలి. కాబట్టి అంకె 14.7 నుంచి 16కు పోయిందంటే పెరిగింది గాలి. మిశ్రమం పలచబడింది. 12కు దిగితే చిక్కబడింది. మీరు దీన్ని తిరగేసి రాశారు.

అలా ఎందుకు తిరగబడిందో ఊహించగలను. మన మాటల్లో చిన్న అంకె ముందొస్తుంది. మేస్త్రీ ‘ఒకటికి ఆరు’ అంటే ఒకటి సిమెంటు, ఆరు ఇసుక. ఆ అలవాటుతో మీరు మనసులో పెట్రోలును ముందు పెట్టుకుని, దాన్నే పెంచారు. మీటరు చేసినవాడు గాలిని ముందు పెట్టాడు. పైగా ‘నిష్పత్తి పెరిగింది’ అన్న మాటే మోసకారి. ‘విద్యార్థి ఉపాధ్యాయ నిష్పత్తి పెరిగింది’ అని పత్రికలో చదివితే బడికి మంచి జరిగిందా, చెడు జరిగిందా? పిల్లలు పెరిగారని అర్థం, అంటే పంతుళ్లు చాలడం లేదని. చాలామంది తిప్పి అర్థం చేసుకుంటారు. అందుకే నిష్పత్తిని పెంచడం, తగ్గించడం మానేయండి. ‘అంకె పెరిగింది, అంటే గాలి ఎక్కువైంది’ అనండి.

‘పాలు’ అన్న మాటకు బహువచనం ‘పాళ్లు’. 14.7 పాళ్ల గాలి అంటే ఇబ్బంది లేదు గాని, ‘ఒక పాలు పెట్రోలు’ అని రాస్తే ట్యాంకులో పాలు పోయమన్నాడేమో అనుకునే చమత్కారి ఒకడు ఎప్పుడూ ఉంటాడు. అక్కడ ‘ఒక వంతు’ అంటే గొడవ ఉండదు.

‘వాయు ఇంధన నిష్పత్తి’ని కూడా మార్చమంటాను. తెలుగులో వాయువు అంటే గాలి ఒక్కటే కాదు, వంటగ్యాసూ వాయువే. ‘వాయు ఇంధనం’ అని చదవగానే ఎల్పీజీ, సీఎన్జీ గుర్తుకొస్తాయి. మీరు చెప్పేది గ్యాసు బండి గురించి కాదు కదా. ‘గాలి-పెట్రోలు నిష్పత్తి’ అని రాయండి. తెలుగు మాట, ఇంగ్లిషు మాట, సంస్కృత మాట ఒకే సమాసంలో చేరాయని వెనకటి పండితులు వైరి సమాసం అనేవారేమో. రైలుబండి ఎక్కి తిరిగిన ఏ నోటికీ దానితో వైరం లేదు.

అసలు మెలిక మీ రెండో వాక్యంలో ఉంది. ఎండాకాలం గాలి పలచబడుతుందన్నది నిజమే. వేడెక్కిన గాలి వ్యాకోచిస్తుంది, అంతే జాగాలో పట్టే గాలి తూకం తగ్గుతుంది. మీరు నల్లమల మీదికి ఎక్కినా అంతే, ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచన. కానీ కార్బ్యురేటర్ పాత కాలపు యంత్రం, దానికి గాలి తూకం తెలియదు. పెట్రోలు వచ్చే జెట్టు రంధ్రం మారదు కాబట్టి గాలి తగ్గినంతగా పెట్రోలు తగ్గదు. ఫలితం, గాలి పలచబడితే మిశ్రమం చిక్కబడుతుంది! మే నెల మధ్యాహ్నం బండి బరువుగా, నల్లటి పొగతో, పెట్రోలు వాసనతో నడుస్తుంటే కారణం ఇదే కావచ్చు. మీరు ‘పలచబడుతుంది కాబట్టి పలచబడుతుంది’ అని రాసుకుపోయారు. వాక్యం వినడానికి ఎంత బాగుందో, తర్కం అంత తప్పు. ఒకే మాట రెండుసార్లు వచ్చేసరికి, మొదటిది గాలి గుణమనీ, రెండోది మిశ్రమం గుణమనీ మీకే తోచలేదు.

ఇంకో పలచన కూడా ఉంది, అది ఇంకా తిప్పలు పెడుతుంది. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ‘పెట్రోలు పలచన’ అంటే మన జనానికి కల్తీ అని వినిపిస్తుంది. అది వేరే సంగతి. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంది, దానికి తూకంలో తొమ్మిది రెట్ల గాలి చాలు. అందుకని 20 శాతం కలిసిన పెట్రోలుకు సరైన అంకె 14.7 కాదు, సుమారు 13.5. పాత జెట్టుతో అదే పోస్తే మిశ్రమం పలచన వైపు జరుగుతుంది. మరి మీటరు 13.5 దగ్గర పెట్టుకోవాలా? అక్కర్లేదు. సెన్సర్ కొలిచేది పెట్రోలునూ కాదు, గాలినీ కాదు. పొగలో మిగిలిన ఆక్సిజన్ ఎంతో చూసి, సరైన మిశ్రమానికి ఎంత దూరంలో ఉన్నామో చెబుతుంది. మామూలు మీటర్లు ఆ దూరాన్ని మామూలు పెట్రోలు లెక్కలోకి మార్చి చూపుతాయి. కాబట్టి సరిగ్గా కాలినప్పుడు ఇథనాల్ పెట్రోలుతో కూడా 14.7 అనే చూపుతాయి.

‘చూపుతాయి’ అన్నాను, ‘ఉంటుంది’ అనలేదు. మీరూ ఆ క్రియ వదలొద్దు. సెన్సర్‌కు ముందు సైలెన్సర్ జాయింటు దగ్గర సందు ఉంటే బయటి గాలి లోపలికి దూరి, మిశ్రమం చిక్కగా ఉన్నా మీటరు పలచన చూపుతుంది. ప్లగ్గు సరిగ్గా మండక పెట్రోలు కాలకుండా పోయినా అంతే, మిగిలిన ఆక్సిజన్ చూసి పలచన అంటుంది. ‘మిశ్రమం 16 ఉంది’ అని రాసి జెట్టు పెంచేసినవాడికీ, ‘మీటరు 16 చూపింది’ అని రాసి ముందు జాయింటు చూసినవాడికీ తేడా ఆ ఒక్క క్రియలోనే ఉంది.

సూది దగ్గరికొద్దాం. కార్బ్యురేటర్ లోపల పెట్రోలు దారిలో దిగి ఉండే సన్నటి కడ్డీ అది, పైకి లేచేకొద్దీ దారి తెరుచుకుంటుంది. గాడులున్నది సూదికే. గాడిలో కూర్చునేది క్లిప్పు. క్లిప్పును కింది గాడిలో వేస్తే సూది పైకి లేస్తుంది, పెట్రోలు ఎక్కువొస్తుంది. పై గాడిలో వేస్తే సూది కిందికి దిగుతుంది, పెట్రోలు తగ్గుతుంది. మీరు ‘సూదిని కింది గాడిలోకి దించాలి’ అన్నారు. ‘దించాలి’ పట్టుకున్నవాడు సూదిని దించాడు, మిశ్రమం పలచబడింది, ఎండాకాలానికి కావలసింది అదే గనుక బాగుపడ్డాడు. ‘కింది గాడి’ పట్టుకున్నవాడు క్లిప్పును దించాడు, సూది లేచింది, అసలే చిక్కగా ఉన్నది మరింత చిక్కబడింది. మీ ఉద్దేశం మాత్రం ఈ రెండోదే అయి ఉంటుంది, ఎందుకంటే మిశ్రమం పలచబడిందనే మీరు నమ్మారు. దేన్ని కదిలిస్తున్నామో ఆ వస్తువునే కర్మగా పెట్టండి.

మీ వాక్యాలను ఇలా తిరగరాసుకోవచ్చు: ‘మీటరు చూపే అంకె పెరిగితే గాలి ఎక్కువైనట్టు, మిశ్రమం పలచబడినట్టు. ఎండాకాలం గాలి పలచబడుతుంది, పెట్రోలు అంతగా తగ్గదు కాబట్టి మిశ్రమం చిక్కబడుతుంది. అప్పుడు క్లిప్పును ఒక గాడి పైకి జరిపి, సూదిని కిందికి దించాలి.’

స్క్రూ గురించి రాసేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త. ‘వదులు చేస్తే పలచబడుతుంది’ అని ఊరికే రాయొద్దు. ఫిల్టర్ వైపు ఉండే గాలి స్క్రూ వదులు చేస్తే పలచబడుతుంది. ఇంజను వైపు ఉండే పెట్రోలు స్క్రూ వదులు చేస్తే చిక్కబడుతుంది. స్క్రూ పేరు రాయకపోతే ఆ సలహా ఎవరికీ పనికిరాదు. చుట్లు లెక్కపెట్టడానికి మాత్రం మన దగ్గర మంచి మాటలున్నాయి: ఒకటింబావు, ఒకటిన్నర, ఒకటి ముప్పావు. థ్రాటిల్‌కూ, అంటే యాక్సిలరేటర్ ఎంత తిప్పామో చెప్పడానికీ అవే సరిపోతాయి. మూసి ఉన్నప్పటి నుంచి పావు దాకా పైలట్ జెట్టు అనే చిన్న జెట్టుదే ఎక్కువ పని, పావు నుంచి ముప్పావు దాకా సూదిది, అక్కడి నుంచి నిండా తిప్పేదాకా మెయిన్ జెట్టుది. ఏ అంకె ఏ థ్రాటిల్ దగ్గర చూశారో పక్కనే రాయకపోతే చదివేవాడికి ఉపయోగం లేదు. నిండా తిప్పినప్పుడు 12.5, 13 మధ్య బలం బాగుంటుంది, అదే అంకె నిదానంగా పోయేటప్పుడు ఉంటే పెట్రోలు దండగ.

చివరగా ‘శ్రుతి చేయడం’. వద్దు. ఆ మాటకు చెవి కావాలి, ఇక్కడ పని కంటితోనూ స్క్రూడ్రైవర్‌తోనూ. ‘ట్యూనింగ్ చేయించాను’ అని ఊళ్లో అందరూ అంటున్నారు, అదే రాయండి. మరీ తెలుగు కావాలంటే ‘కార్బ్యురేటర్ సరిచేశాను’ చాలు. కార్బ్యురేటర్‌ను షెడ్లలో కార్బొరేటర్, కార్బేటర్ అని కూడా అంటారు. మాట్లాడేటప్పుడు ఏదైనా ఫరవాలేదు. రాతలో మాత్రం ఒక్క రూపానికే కట్టుబడండి.