ముందు ఈమాక్స్‌నే అడుగు

చిరంజీవి అమ్మడికి మామయ్య ఆశీస్సులు.

నిన్న ఫోన్లో నీ గొంతు విని కంగారుపడ్డాను. రాసుకోవడానికి వాడే ఎడిటర్ ప్రోగ్రాము ఈమాక్స్‌లో ఒక అక్షరం కొడితే పక్క అక్షరం మాయమవుతోందనీ, ఫైలు పాడైపోయిందనీ అన్నావు. ఫైలుకేమీ కాలేదమ్మా. చెయ్యి ఇన్సర్ట్ కీకి తగిలి ఓవర్‌రైట్ మోడ్, అంటే కొత్త అక్షరం పాతదాని మీదే పడే పద్ధతి, ఆన్ అయివుంటుంది. మళ్ళీ అదే కీ నొక్కితే సరిపోతుంది.

ఆ సంగతి నేను చెప్పక్కర్లేకుండా నీకే తెలిసేది. కంట్రోల్-హెచ్ నొక్కి, వదిలి, ఎల్ కొట్టు. నువ్వు చివరగా నొక్కిన 300 కీల దాకా వరసగా కనిపిస్తాయి, ఏ కీ ఏ కమాండును నడిపిందో పక్కనే ఉంటుంది. "నేనేం నొక్కానో నాకే తెలియదు" అని ఏడుపు మొహం పెట్టే పని ఉండదు. నాకు అన్నిటికంటే ఇష్టమైన సహాయం ఇదే. ఇది తెలియక ముందు ఎన్ని రాత్రులు పాడుచేసుకున్నానో!

ఇక రోజూ వాడాల్సింది కంట్రోల్-హెచ్, కె. ఆ తర్వాత నీకు అనుమానమున్న కీ నొక్కు. అప్పుడు ఆ కీ తన పని చెయ్యదు, అదేం చేస్తుందో చెబుతుందంతే. కాబట్టి భయం లేకుండా అడగవచ్చు. కంట్రోల్-టి గురించి అడిగి చూడు, కర్సర్ దగ్గరి రెండు అక్షరాలను తారుమారు చేసే కమాండు పేరు వస్తుంది. "the" బదులు "teh" అని కొట్టేవాళ్ళకు ఎంత ఉపకారమో! ఆ కిటికీలో గీత ఉన్న పేరు మీద ఎంటర్ కొడితే ఇంకా లోపలికి వెళ్తావు, క్యూ కొడితే బయటికి వస్తావు.

నెట్‌లో వెతకొద్దని అనను. కానీ అక్కడ దొరికే జవాబు ఇంకొకరి కంప్యూటరుది, వాళ్ళ వెర్షనుది. నువ్వు కీలు మార్చుకుని ఉంటే ఆ జవాబు నిన్ను పక్కదారి పట్టిస్తుంది. లోపలి సహాయం అలా కాదు, నీ ముందున్న ఎడిటర్ ఇప్పుడు ఎలా ఉందో అలాగే చెబుతుంది. తనను తాను వివరించుకునే ఎడిటర్ అని దాని మాన్యువల్లోనే రాసుకున్నారు. 1985లో దీన్ని రాసిన రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ఈమాక్స్ అనే పేరుతో విడుదల చేసినప్పుడు గూగుల్ లేదు కదా.

పని తెలిసి కమాండు పేరు తెలియకపోతే కంట్రోల్-హెచ్, ఎ కొట్టి ఒక ఇంగ్లిషు మాట ఇవ్వు. సార్ట్ అని ఇస్తే వరసలు సర్దే కమాండ్లన్నీ వస్తాయి. మొదట్లో ఆ జాబితా చూసి బెదరకు.

నీకు తెలుగులో రాయాలని ఉంది కదా. కంట్రోల్-బ్యాక్‌స్లాష్ నొక్కి తెలుగు-ఐట్రాన్స్ (ఇంగ్లిషు కీలతో తెలుగు కొట్టే పద్ధతి) ఎంచుకో, తర్వాత కంట్రోల్-హెచ్, పెద్ద ఐ కొట్టి ఎంటర్ నొక్కు. ఏ అక్షరానికి ఏ కీయో పట్టిక వస్తుంది. కంట్రోల్-హెచ్, హెచ్ కొట్టి చూడు, ప్రపంచ భాషల పలకరింపుల మధ్య మన నమస్కారం కూడా ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు నా కళ్ళు చెమర్చాయి.

ఈ ఆదివారం లోపల కంట్రోల్-హెచ్, టి కొట్టి పాఠం మొత్తం చెయ్యి. చదివి వదిలెయ్యకు, అందులో చెప్పిన ప్రతి కీ నొక్కాలి. ఎక్కడైనా ఇరుక్కుంటే కంట్రోల్-జి. అది కూడా పనిచెయ్యకపోతే, ఎంత రాత్రయినా సరే, నాకు ఫోన్ చెయ్యి.

మీ మామయ్య